రాబ్ దీవి నుంచి ఆలస్యంగా వచ్చిన రక్తం

రొట్టెల దుకాణం వరసలో నిలబడి మా మేడలోనే ఉండే మార్చెలా ఒక మాట వదిలింది. మా మూడో అంతస్తు డాక్టర్ ఒర్నేలా దొంగ ఫలితాలు వండుకుని పరిశోధన గ్రాంటు కోసం రాజధాని జాగ్రెబ్ వెళ్లిందట, అక్కడి పెద్దలు పట్టుకుని బయటికి పంపారట. మధ్యాహ్నానికి ఆ మాట మా మేడ మెట్లన్నీ ఎక్కేసింది. అసలు సంగతి నాకు తెలుసు. ఎలాగంటే, వెళ్లి అడిగాను. మేడ మొత్తానికీ నేను నోనాని, అంటే అమ్మమ్మని; అడగడానికి మొహమాటపడనని మా రేవు ఊరు రియేకాలో వీధి వీధంతా ఎరుగును.

ఒర్నేలా వైద్య కళాశాలలో పాఠాలు చెబుతుంది, ఆస్పత్రిలో కిడ్నీ మార్పిడి జరిగినవాళ్లను చూస్తుంది. పెట్టిన కిడ్నీని ఒళ్లు ఒక్కోసారి పరాయిదని తరిమేయబోతుంది. అది తేల్చుకోవాలంటే పొత్తికడుపులో సూది దింపి కిడ్నీలోంచి చిన్న ముక్క తీయాలి. ఆ బాధ లేకుండా చేతి రక్తంతోనే ముందుగా పసిగట్టే పరీక్ష ఒకటి ఆమె తయారుచేసింది. దాన్ని నిలబెట్టడానికే గ్రాంటు. అది ఉద్యోగంలో కొత్తగా చేరిన అధ్యాపకులకే ఇస్తారు, అడగడానికి ఆమెకు ఇదే ఆఖరి ఏడు. వస్తే సొంత ప్రయోగశాల. రాకపోతే ప్రొఫెసర్ గ్రుబిషా గారి గదిలో ఓ మూల బల్ల, ఏ పని చేసినా ముందు ఆయన పేరు, వెనక ఈమె పేరు. మొదటి వడపోతలో ఒర్నేలా పరీక్షే అందరికంటే పైన నిలిచింది. ఆ రోజు మెట్లమీద నాకు ఎదురుపడి నా రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకుంది.

తర్వాత మార్చిలో మా చెల్లెల్ని చూడడానికి రాబ్ దీవికి వెళ్లాను. ఒర్నేలా కూడా అక్కడి రోగుల్ని చూడడానికి వచ్చింది. తిరిగి వద్దామనుకునేసరికి బురా, అదే మా ఉత్తరపు చలిగాలి, లేచింది, ఓడ కదలలేదు. రేవు కాఫీ దుకాణంలో కూర్చుని నేను చెల్లెలిచ్చిన గొర్రెపాల చీజ్ కోస్తున్నాను. ఒర్నేలా చూపు మూలనున్న పొయ్యి పక్కకి పోయింది. అక్కడొక నీలం పెట్టె. ఆమె రోగుల రక్తం. దీవి నర్సు పొద్దున్నే ఓడకి అందించమని పెట్టి వెళ్లింది. గాలి ఆగేదాకా అది అక్కడే, వెచ్చగా. లేచి మూత తీసి సీసాలు తాకి చూసింది. చీజ్ ముక్క తినలేదు. పెట్టె అక్కడ ఎన్ని గంటలుందో లెక్కేసి కాగితం మీద రాసుకుంది.

రియేకా చేరాక ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తం పోగుచేసింది. నాది కూడా తీసుకుంది. వెంటనే పరీక్షిస్తే ఏమీ లేదు. అదే రక్తాన్ని పూటంతా వెచ్చగా ఉంచి పరీక్షిస్తే, నాకు పెట్టిన కిడ్నీ పాడైపోతోందని వచ్చింది. నాకు ఎవరూ ఏ కిడ్నీ పెట్టలేదు, దేవుడిచ్చిన రెండూ బాగానే పనిచేస్తున్నాయి. జరిగింది ఇదీ: దీవుల వాళ్లు ఆస్పత్రికి ఎప్పుడో గానీ రారు, అందుకే కిడ్నీలు ఎక్కువగా దెబ్బతినేవీ వాళ్లవే. రక్తం ఆలస్యంగా వచ్చేదీ వాళ్లదే, అందుకే లెక్క కుదిరినట్టు కనబడింది. ఆమె పరీక్ష పట్టుకున్నది జబ్బుని కాదు, ఆలస్యాన్ని.

గ్రుబిషా గారు చెడ్డమనిషి కాదు. ఆయన ఆమెతో అన్నదల్లా, "ముందు గ్రాంటు పుచ్చుకో అమ్మాయ్. తప్పులు దిద్దుకోవడానికే కదా మొదటి ఏడాది" అని. ఆ మాటలో న్యాయం లేదని నేననను. నేనైతే పుచ్చుకునేదాన్నేమో.

ఒర్నేలా జాగ్రెబ్ వెళ్లి పెద్దల ముందు నిలబడి, మీరు మెచ్చుకున్న ఫలితం తప్పు అని మొదటే చెప్పేసింది. ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ బయటికి పంపలేదు. గ్రాంటు స్ప్లిట్ ఊరి కుర్రాడికి వెళ్లింది.

ఆమె ఇప్పుడు మూల బల్ల దగ్గరే ఉంది. రక్తంలోంచి తేటని దీవిలోనే వేరుచేసి చల్లగా పంపే ఏర్పాటు నర్సుతో కలిసి చేసుకుని, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది. మొన్న క్లాసులో తన తప్పునే బోర్డు మీద రాసి పిల్లలకి విప్పి చెప్పింది. నాకెలా తెలుసంటారా? అడిగి వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. చెప్పేటప్పుడు ఆమె గొంతు ఎక్కడా తగ్గలేదు. ఎంతమందో డాక్టర్లని చూశానుగానీ, అలా నిలబడ్డవాళ్లని నేను చూడలేదు.

మార్చెలాని గడప మీదే నిలబెట్టి ఇవన్నీ చెప్పాను. ఆమె అంతా విని, "సరే నోనా, ఆవిడంతట ఆవిడే ఎందుకు చెప్పుకుంది మరి? ఎవడికి తెలిసేది?" అంది. అది మాత్రం నేనింకా అడగలేదు. ఆ సాయంత్రం డాబా మీద ఒర్నేలా బట్టలు ఆరేస్తుంటే క్లిప్పులు అందిస్తూ అడిగేశాను.

"నువ్వు నోరు విప్పకపోతే ఆ గ్రాంటు నీదే కదే. ఎందుకు చెప్పావు?"

దుప్పటి కొస సరిచేసి నా వైపు తిరిగింది.

"రాబ్‌లో కిడ్నీ బాగున్నవాడికి కూడా పోతోందని చెప్పేది నోనా, ఆ పరీక్ష. మేం నమ్మి గట్టి మందులు పోసేవాళ్లం. అవి పడితే ఒళ్లు చిన్న జలుబుని కూడా ఆపుకోలేదు. బురా వీచింది, ఓడ ఆగింది. దానికి ఒక మనిషి పోవాలా?"