దయాకర్ గారి క్షమాపణ

దయాకర్ కారు వెనక అద్దం మీద 'యేసే నా మార్గం' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఆ కారు రోజూ పొద్దున కొత్తగూడ దగ్గర రాంగ్ రూట్‌లో వస్తుంది. ఎదురుగా వచ్చేవాడు హారన్ కొడితే అద్దం దించి "దేవుడు దీవించును గాక" అంటాడే తప్ప, కారు మాత్రం వెనక్కి తీయడు. మనిషి ఎలాంటివాడో తెలియడానికి ఇంత చాలు గానీ, మొన్నటి సంగతి చెప్పకపోతే కడుపుబ్బరం తీరదు.

గుంటూరు నుంచి వచ్చి గోపన్‌పల్లిలో ఫ్లాటు కొనుక్కున్న దయాకర్ హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడర్. లింగంపల్లిలో తను వెళ్లే చర్చి సంఘంలో పెద్ద. ఆఫీసులో భోజనాల వేళ నలుగురిని పోగేసి ప్రార్థన పెడతాడు. ఆయన కళ్లు మూసుకున్నాడంటే ఎదుటివాళ్ల అన్నం చల్లారిపోవలసిందే.

రేటింగులు వేసే రోజుల్లో ఆ కంపెనీకి ఒక ఆచారముంది. అందరూ బాగా పనిచేసినా సరే, ప్రతి టీమ్‌లోనూ ఎవరో ఒకరిని అట్టడుగున పెట్టి తీరాలి. ఈ ఏడు అలా అడుగున పడినవాళ్లకు ఉద్యోగం ఉండదని అందరికీ తెలుసు. దయాకర్ దీని గురించి చాలా ప్రార్థించాడట. ప్రార్థించి, స్వప్న పేరు పెట్టాడు.

టీమ్‌లో ఉన్న శేఖర్‌ని పెడితే డైరెక్టర్ దగ్గరికి పరిగెడతాడు. వినయ్‌ని పెడితే నలుగురిలో కడిగేస్తాడు. స్వప్న నోరు లేని మనిషి. సిద్దిపేట పిల్ల, ప్రసూతి సెలవు నుంచి ఈ మధ్యే తిరిగొచ్చింది. భర్త ఉద్యోగం అప్పటికే ఊడింది కాబట్టి ఇల్లంతా ఆమె జీతం మీదే నడుస్తోంది. మెత్తనివాడిని చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు. పోనీ పని రాదా అంటే, బ్యాంకువాళ్ల యాప్ కుప్పకూలినప్పుడు నిండు గర్భంతో ఇంట్లో కూర్చుని దాన్ని నిలబెట్టింది ఆమే. క్లయింట్ ముందు "నేనే చేశాను" అని చెప్పి చప్పట్లు కొట్టించుకున్నది దయాకర్. ఎవరైనా మెచ్చుకుంటే "అంతా దేవుడి నడిపింపు" అనేవాడు. పాపం ఆ దేవుడు, ఇలాంటివాళ్లు చేసే ఎన్ని పనులకని పూచీ పడతాడు!

నెలలో మొదటి ఆదివారం సంఘంలో ప్రభు బల్ల ఉంటుంది. ఎవరితోనైనా తేడా ఉంటే ముందు వెళ్లి సరిచేసుకోవాలి, ఆ తర్వాతే రొట్టె, ద్రాక్షరసం. దయాకర్ ఈ నియమాన్ని ఎన్నడూ తప్పలేదు. అందుకే, రేటింగ్ సంగతి అప్పటికే తెలిసిపోయిన స్వప్నను శుక్రవారం మీటింగు గదిలోకి పిలిచాడు.

"నా వల్ల మీ మనసేమైనా నొచ్చుకుని ఉంటే క్షమించండి," అన్నాడు చేతులు జోడించి.

స్వప్న కంగారుగా లేచి నిలబడింది. "ఏంది సార్ గిట్ల? మరి రేటింగ్ మారుస్తరా?"

"అది నా చేతిలో లేదమ్మా. సిస్టమ్‌లోకి వెళ్లిపోయింది." అబద్ధం. మార్చుకోవడానికి సోమవారం దాకా గడువుంది.

"సరే సార్, క్షమించిన," అంది.

"మీ కోసం ప్రార్థిస్తాను," అని హామీ ఇచ్చి, పెద్ద పని అయిపోయినట్టు టీ తాగడానికి వెళ్లాడు.

ఇది చాలదన్నట్టు ఆ సాయంత్రం భోజనం దగ్గర భార్య సుష్మకు, సంఘంలో సాక్ష్యం చెప్పినట్టు చెప్పాడు. పై అధికారి కిందివాళ్లకు క్షమాపణ చెప్పడమంటే మాటలా? ఎంత తగ్గింపు మనసు కావాలి?

"ఇంతకీ ఏం చేశారని క్షమాపణ?" అంది సుష్మ.

పొంగులో ఉన్నాడు కదా, మొత్తం చెప్పేశాడు. యాప్ సంగతితో సహా. సుష్మ కంచం తీసి సింకులో పెట్టింది.

ఆదివారం బల్ల దగ్గర ద్రాక్షరసం పోసిన చిన్న గిన్నెల పళ్లెం పట్టుకుని వరస వరసకూ తిరిగే పని దయాకర్‌దే. తెల్లచొక్కా, వంచిన తల, చూసినవాళ్లకు భక్తి ముంచుకొచ్చేలా ఉన్నాడు. మూడో వరసలో సుష్మ కూర్చుంది. పళ్లెం ముందుకు చాపాడు. ఆమె చెయ్యి ఒళ్లోంచి కదల్లేదు.

"తీసుకో, అందరూ చూస్తున్నారు," అని గొణిగాడు.

"చూడనివ్వండి. ఆ అమ్మాయి నోటి దగ్గరి కూడు తీసేసిన చేత్తో ఇస్తే నేను తీసుకోను."

గట్టిగా అనలేదు, అయినా పక్కనున్న ముసలమ్మలిద్దరికీ వినపడింది. సంఘంలో పెద్దమనిషి భార్య బల్లలో చెయ్యి వేయకపోవడం అంటే సామాన్యమా? వెనక వరసల దాకా తలలు తిరిగాయి. దయాకర్ చెమటలు కక్కుతూ పళ్లెం తిప్పి తెచ్చాడు. చివర్లో తనూ ఒక గిన్నె తీసుకోవాలి. పెదవుల దాకా ఎత్తి, సుష్మ వైపు చూసి, దించేశాడు.

ఆరాధన అయిపోగానే చెప్పులు విడిచే చోట నిలబడి డైరెక్టర్ సుబ్రహ్మణ్యానికి ఫోన్ చేశాడు. ఇది పశ్చాత్తాపమని పొరపడకండి. పరువు పోతోందన్న భయం, అంతే.

"స్వప్న పేరు తీసేయాలి సార్."

"ఎవరి పేరు పెడతావ్ మరి?"

వినయ్ పేరు నాలుక చివరి దాకా వచ్చింది. మనిషి మారడం అంత తేలికా? మెట్ల మీద సుష్మ నిలబడి వింటోంది.

"నా పేరు పెట్టండి," అన్నాడు ఎట్టకేలకు. "యాప్ బాగుచేసింది ఆమె సార్. నేను కాదు."

"పేరు మారుస్తాను. ఇదే మెయిల్‌లో రాయి. టీమ్ మొత్తానికీ పెట్టు," అని సుబ్రహ్మణ్యం ఫోన్ పెట్టేశాడు.

అక్కడే నిలబడి రాశాడు. నాలుగు వాక్యాలు రాయడానికి ఇంత బాధపడిన మనిషిని ఆ వాకిట్లో ఎవరూ చూసి ఉండరు. దేవుడి పేరు ఒక్కచోట కూడా రాయలేదు.

సోమవారం దయాకర్ సీటు దగ్గరికి ఎవరూ రాలేదు. మధ్యాహ్న ప్రార్థనకూ ఎవరూ రాలేదు. సాయంత్రం స్వప్న వచ్చి, ఎన్నడూ లేనిది, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"సార్, శుక్రవారం నాడు క్షమించిన అని అబద్ధం చెప్పిన. ఉద్యోగం ఇంకెట్లనన్న ఉంటదేమోనన్న ఆశతోని అన్న. ఇప్పుడు నిజంగ క్షమిస్తున్న."