నాన్నగారి బురదబండి

వేడెక్కిన సైలెన్సర్ మీద తడి రేగడి ఎండి మాడే వాసన ఒకటుంటుంది. ఇటుకబట్టీ వాసనకీ తొలివాన వాసనకీ మధ్య ఎక్కడో ఉంటుంది, దాని వెనకాలే కాస్త పెట్రోలు ఘాటు. కంకిపాడులో మేముండే వీధి మలుపులో బండ్లు కడిగే షెడ్డు ఉంది. ఆదివారం మధ్యాహ్నం నేను ఆరాధన నుంచి వచ్చి అన్నాలు వడ్డించే వేళకి, కాలవ గట్ల మీదా ఏటి ఇసకలోనూ సరదాగా తిరిగొచ్చిన బెజవాడ కుర్రాళ్లు తమ ఎత్తయిన బండ్లని వరసగా అక్కడ నిలబెడతారు. ఆ వాసన కిటికీలోంచి వచ్చిందంటే గరిటె నా చేతిలోనే ఉండిపోతుంది. అలాంటి బండి ఒకటి మా ఇంట్లోనూ ఉండేది. సరదాకి కొన్నది కాదు.

మా నాన్నగారు పామర్రు చుట్టుపక్కల చిన్న చిన్న ప్రార్థన మందిరాలకి పాస్టరు. అందరికీ అయ్యగారు. బండి తోలడంలో ఆయన్ని మించినవాళ్లు లేరని మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, ఎక్కడికెళ్లినా చెప్పుకొనేవాడు. బందరు రోడ్డు మీద గడ్డి లారీల పక్కనుంచి, బస్సుల వెనకనుంచి, ఎడ్లబండిని తప్పించి, హారన్ కొట్టకుండా, చొక్కా మడత నలగకుండా బెజవాడ వెళ్లొచ్చేవారు. ఆ చొక్కా ఎప్పుడూ తెల్లదే, ప్యాంటూ తెల్లదే. ప్రభువు బల్ల దగ్గర నిలబడి రొట్టె, ద్రాక్షారసం పంచే మనిషి బట్టల మీద చుక్క మరక ఉండకూడదని ఆయన నియమం. అమ్మ శనివారం పొద్దున్నే వాటిని ఉతికి, నీలిమందు పెట్టి, గంజిలో ముంచి ఆరేసేది. పెరట్లో గాలికి అవి ఊగుతుంటే ఇంకో ఇద్దరు నాన్నలు ఉన్నట్టుండేది నాకు.

నాకు దుమ్ము పడేది కాదు. కాస్త దుమ్ము రేగితే చాలు, ఆయాసం వచ్చి పక్కటెముకలు లోపలికి పీక్కుపోయేవి. అందుకని బడికి పంపలేదు, అమ్మే నా బడి. వరండాలో చాప మీద లెక్కలు, తెలుగు, బైబిలు వాక్యం, వంటింట్లో పప్పు రుబ్బుతూ ఎక్కాలు. పరీక్షలు లేని ఆ చదువునిచ్చినందుకు దేవునికి ఇప్పటికీ స్తోత్రం చెప్పుకుంటాను. కానీ ఎండాకాలమంతా కిటికీ తలుపులు వేసి, తడిగుడ్డ కట్టిన ఆ మసక చీకట్లో చింతగింజలతో వామనగుంటలు నాతో నేనే ఆడుకుని, నేనే ఓడి, నేనే గెలిచేదాన్ని. కాలవలకి నీళ్లు వదిలి, ఆకుమళ్లు పచ్చబడి, వానలు పట్టుకున్నాక దుమ్మంతా అణిగిపోయేది. అప్పుడే నాకు తలుపులు తెరిచేవారు, అప్పుడే నాన్నగారి వెనక కూర్చుని ఊళ్లకి వెళ్లేదాన్ని. తడిసిన తుంగ వాసన, కాలవ నిండా గుర్రపుడెక్క ఊదాపూలు, నాట్లు వేసే ఆడవాళ్ల వీపుల మీద ప్లాస్టిక్ గోనెలు. లోకమంటే వానాకాలమే అనుకునేదాన్ని.

మందిరాలన్నిట్లోనూ దూరంగా ఉన్నది, పొలాల మురుగునీరు పోయే డ్రైను కట్ట చివరి పల్లెలోది. తారురోడ్డు వదిలాక పల్లెదాకా కట్ట మీద మట్టిబాటే. అక్కడ రాహేలమ్మ ఉండేది. చదువు రాదు గానీ ఎన్ని పాటలు వచ్చో లెక్కే లేదు. కోతపండుగ నాడు పల్లెవాళ్లు మందిరానికి తెచ్చిన వరికంకులు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్ల మధ్య కూర్చుని ఆమె గొంతెత్తితే కోళ్లు కూడా సద్దు మానేవి. కొత్త బియ్యం, కొత్త బెల్లంతో ఆమె వండిన పాయసం అడుగంటిన రుచి ఇంకా నా నాలిక మీద ఉంది. "మా పాపకి అడుగుది పెట్టండే, అదే దానికి ఇష్టం" అని గిన్నె గీకించేది. తర్వాత నడుం పడిపోయి మంచం పట్టింది. ఆదివారం సాయంత్రం అయ్యగారు వచ్చి బల్ల, అంటే ఆ రొట్టె, ద్రాక్షారసం, ఇవ్వడం కోసమే ఆమె వారమంతా ఎదురుచూసేది.

వానాకాలంలో నాన్నగారు బండి తారురోడ్డు మీదే వదిలి, నన్ను భుజాన ఎత్తుకుని కట్ట మీద నడిచేవారు. ఒక ఏడాది ఆయన మోకాలు వాచిపోయింది. బురదలో దిగిన కాలు పైకి లాగలేకపోయేవారు.

"ఈ వానలకి వెళ్లలేమని చెప్పేద్దామండీ, ఇంకొకర్ని చూసుకుంటారు" అంది అమ్మ.

"ఎవరొస్తారు ఆ బురదలోకి? నేను మానేస్తే ఆ మందిరం తలుపు మూసినట్టే. రాహేలమ్మ నాకోసం చూస్తా ఉంటది" అన్నారు నాన్నగారు. పాత బండి ఇచ్చేసి, బురదలో పోయే బండి కొనాలని ఆ రాత్రి ప్రార్థనలో అడిగారు.

బెజవాడ షోరూముకి మావయ్య, నాన్నగారు, నేను వెళ్లాం. రెండు బండ్లు చూపించారు. ఒకటి బరువైనది, పెద్ద ఇంజను, దాని చప్పుడుకే జనం దారిస్తారు. రెండోది సన్నగా, పొడుగ్గా, కొంగలాగా ఉంది. టైర్లకి గడ్డలు గడ్డలుగా పళ్లు, సీటు బల్లచెక్కంత గట్టి. ముందు మడ్గార్డు చక్రానికి జానెడు పైన, లైటు కింద ఎక్కడో వేలాడుతోంది. ఇన్నేళ్లూ బండి అంటే రోడ్డుని కరుచుకోవాలి, సీటు మెత్తగా ఉండాలి అనుకున్న మనిషికి అందులో ఒక్కటీ సరిగా కనపడలేదు. ఎక్కి కూర్చుంటే మునివేళ్లే నేలకి ఆనాయి.

"బావా, ఎక్కావు సరే, దిగడానికి నిచ్చెన తెప్పించమంటావా?" అన్నాడు మావయ్య.

"నోర్ముయ్యరా. పడితే లేపుకోగలనా లేదా, అది చెప్పు ముందు."

అది మాత్రం ఆయన సరిగానే ఆలోచించారు. రెండిట్నీ పక్కకి వంచి, ఒంటరిగా లేపి చూశారు. బరువుది లేవలేదు. కొంగబండి లేచింది. దాన్నే ఖాయం చేశారు. షోరూము అబ్బాయిని ఒక్కటే అడిగారు: "మడ్గార్డు అంత పైన పెట్టారేంటండీ? బురదంతా రొమ్ము మీదకే కొట్టదూ?"

"మోడలే అంతండీ. స్టైలు" అన్నాడతను. ఆ అబ్బాయికీ తెలియదు. మాకెవరికీ తెలియదు, బురదలో బండి తోలిన మనిషే మాలో లేడు.

పామర్రులో మెకానిక్ దగ్గర ఆ మడ్గార్డు పీకించి, పాత బండిదిలాంటిది చక్రానికి ఆనించినట్టు కిందకి బిగించి, ఊడిపోకుండా వెల్డింగ్ పెట్టించి, కొసన రబ్బరు రేకు వేలాడదీయించారు. అమ్మ వచ్చి చూసి, చేత్తో తడిమి, "ఇప్పుడు బట్టలు పాడవ్వవు" అంది. తెల్లచొక్కా భద్రంగా ఉందని మా ముగ్గురికీ తృప్తి. ఆ శనివారం గంజి ఇంకాస్త చిక్కగా పెట్టింది అమ్మ.

వానలు గట్టిగా పట్టిన ఆదివారం, రాహేలమ్మకి బాగాలేదనీ బల్ల అడుగుతోందనీ కబురొచ్చింది. నన్ను వెనక కూర్చోబెట్టుకుని, రొట్టె, ద్రాక్షారసం ఉన్న స్టీలు డబ్బా నా ఒళ్లో పెట్టి బయల్దేరారు. కట్ట మొదట్లో బండి నిజంగానే కొంగలా అడుగులేసుకుంటూ పోయింది. నాన్నగారు పాటెత్తుకున్నారు. బస్సుల్ని దాటేటప్పుడు కూడా పాడని మనిషి. "చూశావా పాపా, ప్రభువు మంచి బండే ఇచ్చాడు!" అన్నారు. అవతల తాటిచెట్లూ మందిరం రేకూ కనపడుతున్నాయి. అక్కడ రేగడి చిక్కబడింది. చక్రం బురదని పైకి తెస్తోంది, మడ్గార్డు దాన్ని పోనివ్వడం లేదు. లోపలే కూరుకుని కూరుకుని, ముందు చక్రం తిరగడం మానేసింది. తిరగని చక్రం మీద బండి నిదానంగా పక్కకి జారి, మమ్మల్ని మెత్తగా బురదలో పడేసింది. డబ్బా నా పొట్టకి హత్తుకునే ఉంది.

నాన్నగారు పుల్లతో బురద గీకారు. బండి రెండు బారలు కదిలి మళ్లీ బిగిసింది. మళ్లీ గీకారు, మళ్లీ బిగిసింది. మడ్గార్డు పట్టుకుని లాగారు, ఊడకూడదని పెట్టించిన వెల్డింగ్ కదా, ఊడలేదు. నడుద్దామని లేచారు, మోకాలు ఒప్పుకోలేదు. వర్షం పడుతోంది. తాటిచెట్లు అక్కడే ఉన్నాయి. ఆయన బండి పక్కన కూలబడి, కట్ట అవతలికి చూస్తూ, "అయ్యో తండ్రీ" అన్నారు, నాకు వినపడకూడదన్నట్టు. నేను డబ్బా మూత మీద పడే చినుకుల్ని గౌను అంచుతో తుడుస్తూ కూర్చున్నాను. అది తప్ప నేను చెయ్యగలిగింది లేదు.

పొలంలో ఎవరో చూసినట్టున్నారు. కాసేపటికి పల్లెవైపు నుంచి నలుగురు మనుషులు నులకమంచం భుజాల మీద పెట్టుకుని వచ్చారు.

"ఎక్కండి అయ్యగారూ."

"ఛ, నేనెక్కడమేంట్రా, నేనేమన్నా రోగినా?"

"మోకాలు చూస్తే అట్టానే ఉంది గదండీ. ఎక్కండి, బరువు చూసి మేం ఏడుస్తాంలే."

నవ్వారు అందరూ, నాన్నగారు తప్ప. ఆయన మంచం మీద కూర్చుని, నన్నూ డబ్బానీ ఒడిలో పెట్టుకుని, అరచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. బందరు రోడ్డు మీద ఎవరికీ చిక్కని మా నాన్న అలా మోయించుకుంటూ వెళ్లడం చూసి నాకు ఏడుపొచ్చింది, మంచం ఊపుకి హాయిగానూ ఉంది.

రాహేలమ్మ చాప మీద పడుకుని ఉంది. మంచం ఆమెదే. నాన్నగారు నెత్తి నుంచి పాదాలదాకా నల్లరేగడిలో ఉన్నారు. ఆమె కళ్లు చికిలించి చూసింది.

"నేను పోవాల్సిన మంచం మీద మీరొచ్చారేందయ్యా" అంది.

నాన్నగారు చేతులు మాత్రం కడుక్కుని, ఆ బట్టల్తోనే ప్రార్థన చేసి, రొట్టె తుంచి ఆమె నోట్లో పెట్టారు. ఆమె నమిలే దవడల చప్పుడు, చూరు నీళ్ల చప్పుడు. ఆ వానల్లోనే ఆమె ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. ఆ రోజు బల్ల అందిందన్నదే నాకున్న కృతజ్ఞత.

మడ్గార్డు కోయించేశాం. ఆ బండి అప్పుడు నిజంగానే బురదలో పోయింది, చొక్కాల నిండా మచ్చలతో నాన్నగారు కొన్ని వానాకాలాలు వెళ్లారు. అమ్మ మరకలు పోవని తెలిసీ ఉతికేది. తర్వాత మోకాలు బండి మీద కూడా నిలవనివ్వలేదు. ఆయన చెప్పినట్టే ఇంకెవరూ రాలేదు. నాన్నగారు ప్రభువులో నిద్రించి కూడా చాన్నాళ్లయింది.

మొన్న వానలు పడుతుండగా స్కూటీ వేసుకుని ఆ కట్ట మీదకి వెళ్లాను. పల్లెదాకా సిమెంటు రోడ్డు వేశారు. చక్రానికి మట్టి అంటలేదు. పొలాలన్నీ చేపల చెరువులయ్యాయి, నీళ్లలో చేపలకి గాలి అందించే చక్రాలు గిరగిరా తిరుగుతున్నాయి. ఇళ్లున్నచోట మేత బస్తాల షెడ్డు, మందిరం తలుపుకి తుప్పు పట్టిన తాళం. పనులు లేక జనమంతా బెజవాడకో, హనుమాన్ జంక్షన్‌కో తరలిపోయారట. చెరువు కాపలా ఆయన గొడుగేసుకుని దగ్గరికొచ్చాడు.

"ఎవరింటికండీ?"

"రాహేలమ్మగారి ఇంటికి" అన్నాను, నోటికొచ్చేసింది.

"అట్టాంటోళ్లు ఎవరూ లేరండీ ఇక్కడ."

"అవునండీ" అన్నాను. ఆ రోడ్డు ఎంత వెడల్పంటే, వెనక్కి తిప్పుకోవడానికి కాలు కింద పెట్టాల్సిన పని కూడా లేకపోయింది.