వల దారంతో కుట్టిన పుస్తకాలు

మా నాన్న అంకమ్మరావుకి రెండే రెండు పనులు వచ్చు. చిరిగిన వల కుట్టడం, చిరిగిన పుస్తకం కుట్టడం. మొదటిది మాకు అన్నం పెట్టింది. రెండోదాన్ని చూసి నాగాయలంకలో మా పేట పేటంతా నవ్వుకునేది. నవ్వరూ మరి? మీసాలు నెరిసిన మనిషి కుందేళ్ళ బొమ్మల పుస్తకం ముందేసుకుని కూర్చుంటే ఎవరికైనా నవ్వొస్తుంది.

"ఈ వయసులో కుందేళ్ళ కథలేంటయ్యా?" అని మా అమ్మ విసుక్కునేది.

"వయసు నాకొచ్చింది గానీ కుందేలుకి రాలేదు కదే," అనేవాడు నాన్న.

ఆయన చదువు నాలుగో తరగతితో ఆగిపోయింది. కాలు దెబ్బతిని వేట మానుకున్నాక ఒడ్డున కూర్చుని అందరి వలలూ బాగుచేసేవాడు. దారం కొనడానికి బందరు వెళ్ళినప్పుడల్లా కోనేరు సెంటర్ పక్క సందులో పాత కాగితాల కొట్టుకి వెళ్ళి, తూకానికి వచ్చిన పిల్లల పుస్తకాలు ఏరుకొచ్చేవాడు. వాటికి అట్టలుండేవి కావు. చాలావాటికి చివరి పేజీలు కూడా ఉండేవి కావు, ఎవరో పొట్లాలకి చింపేసుకుని ఉంటారు. అమ్మ ఉప్పూ చింతపండూ తెమ్మంటే ఈయన సంచీలో అవి తెచ్చేవాడు. ఆ రోజు ఇంట్లో వంట కన్నా తిట్లే ఎక్కువ ఉడికేవి.

వల కుట్టే సూదితో, నైలాన్ దారంతో, వలకి వేసే ముడే వేసి ఆ పుస్తకాలు కుట్టేవాడు. ఆయన కుట్టు ఊడిందన్న మాట నేనెప్పుడూ వినలేదు. చివరి పేజీలు పోయిన కథలకి వెనకాల తెల్ల కాగితాలు చేర్చి కుట్టి, నాకూ తమ్ముడు వెంకట్‌కీ చూపించేవాడు.

"కథ ఇక్కడిదాకా దొరికింది. మిగతాది మనమే రాసుకోవాలి."

ముందు ఆయనకి తోచింది ఆయన రాసేవాడు. దాని కింద నేను. నా కింద వెంకట్. నేనైతే రాజకుమార్తెలందరికీ పట్టుచీరలు కట్టి పెళ్ళిళ్ళు చేసిపారేసేదాన్ని. వల కోసం వచ్చినవాళ్ళు మా రాతలు అయ్యేదాకా అరుగు మీద కూర్చోవలసిందే. అమ్మకి చదువు రాదు. మేం ముగ్గురం కలిసి కాగితాలు పాడుచేస్తున్నామనే ఆమె అనుకునేది.

వెంకట్ పెద్దవాడై వేటకి వెళ్ళాడు. ఒక వాయుగుండం రోజుల్లో పడవ తిరిగొచ్చింది, వాడు రాలేదు. శవమైనా దొరకలేదు. నాన్న పుస్తకాలన్నీ రేకుపెట్టెలో సర్ది తాళం వేశాడు. "వాడి రాత ఇందులో ఉందని మీ అమ్మకి చెప్పకే. తెలిస్తే ఈ పెట్టె ముందు కూర్చుని లేవదు," అన్నాడు నాతో. అప్పటికే అమ్మ మనిషిలో మనిషి కాదు. ఆయన అన్నది నిజమే అనిపించింది.

ఆ పెట్టె ఊసు మళ్ళీ ఎత్తేలా చేసింది నా కూతురు తేజస్విని. మేముండేది గుడివాడలో. అది చదివేది ఇంగ్లీషు మీడియం. తెలుగు అక్షరం చూపిస్తే ఆముదం తాగినట్టు మొహం పెట్టేది. సెలవుల్లో నాన్న దాన్ని వలల మధ్య కూర్చోబెట్టుకుని ఒక్కో అక్షరం దిద్దించాడు. మిగతా రోజుల్లో ఫోన్లో పాఠాలు. "ఒక్క కథ నీ అంతట నువ్వు చదువు బంగారం, పెట్టె నీదే. వెంకట్ మావయ్య రాసినదాని కింద నువ్వు రాద్దువుగాని," అని అమ్మమ్మ వినకుండా ఆశ పెట్టాడు.

ఈ శ్రావణమాసంలో అది తన తెలుగు వాచకంలో ఒక కథ మొత్తం చదివింది. ఫోన్లో తాతయ్యకి వినిపించింది. తడబడింది, ఆగింది, మళ్ళీ మొదలుపెట్టింది, చివరిదాకా లాక్కొచ్చింది. అవతల నాన్న ముక్కు ఎగబీల్చడం నాకూ వినిపించింది.

"ఆదివారం వచ్చి నీ పెట్టె తీసుకెళ్ళు తల్లీ," అన్నాడు.

శనివారం తెల్లవారుతుండగా గుండెపోటుతో పోయాడు.

మాలో పూడ్చిపెడతారు. పోయిన మనిషికి ఏదిష్టమో అది పక్కన పెట్టి పంపడం మా పేట ఆచారం. చుట్టలు తాగేవాళ్ళకి చుట్టలు, పేకాడేవాళ్ళకి పేకముక్కలు. ఆడవాళ్ళం శ్మశానానికి వెళ్ళం. వీధి చివరిదాకా నడిచి, దుమ్ములో పడి ఏడ్చి, వెనక్కి వచ్చాం. నాన్న పక్కన ఏం పెట్టారో నేను చూడలేదు.

పదకొండో రోజు భోజనాలయ్యాక తేజస్విని వెళ్ళి పెట్టె మూత తీసింది. ఖాళీ.

"అమ్మమ్మా, పుస్తకాలేవి?"

అన్ని రోజుల ఏడుపు తర్వాత అమ్మ మొహంలో కాస్త తృప్తి కనిపించింది. "ఆయన మొలతాడుకున్న తాళంచెవితో పెట్టె తీసి, అన్నీ మీ తాతయ్యతోనే పంపానమ్మా. పక్కింటి పిచ్చేశ్వరరావు చేతికి మూట కట్టి ఇచ్చి, తల దగ్గరే పెట్టించాను. ఒక్కటి కూడా మిగల్చలేదు. అవంటే ఆయనకి ప్రాణం కదా."

ఎవర్ని అనను? కట్టుకున్నవాణ్ణి ప్రేమగా సాగనంపుకున్న మనిషిని ఏమని తిట్టను? నోరు నొక్కుకున్నాను. కానీ పిల్లకి ఆ విద్య ఎక్కడిది?

"అవి నావి! తాతయ్య నాకిచ్చేశాడు! వెంకట్ మావయ్య రాసింది కూడా వాటిలోనే ఉంది!"

అమ్మ నా వైపు తిరిగింది. "ఏమంటుందే అది? వెంకట్ ఏం రాశాడు?"

చెప్పక తప్పలేదు. నేను చెప్పడం అయ్యాక అమ్మ లేచి, పెరటి గోడకి ఆనించిన పార తీసుకుని బయటికి నడిచింది. భర్త పోయిన మనిషి గడప దాటకూడదని అరుగుల మీద నుంచి జనం అరుస్తున్నా వినిపించుకోలేదు. నేను వెనకాల పరిగెత్తాను. శ్మశానంలో నేను అడుగుపెట్టడం అదే మొదటిసారి.

నేను చేరేసరికే ఆమె తవ్వుతోంది. మా నేల సంగతి అందరికీ తెలిసిందే, కాస్త తవ్వితే చాలు ఉప్పునీరు ఊరుతుంది. పైగా వారంగా ముసురు. పార దిగినచోట నీళ్ళు తేలాయి. ఆ నీళ్ళు చూసి అమ్మ చతికిలబడిపోయింది.

"నాతో చెప్పొద్దా నువ్వు?" అని మట్టి మీద చేత్తో కొడుతూ అరిచింది. "నా కొడుకు రాత నా ఇంట్లోనే ఉందని ఒక్క మాట చెప్తే నీ పక్కన పెట్టేదాన్నా? నా చేతే పూడ్పించావు కదయ్యా!"

నాన్న మీద నాకూ కోపం వచ్చింది. ఆయన ప్రేమతోనే దాచాడు, ఈమె ప్రేమతోనే పంపింది. నా తమ్ముడు మాత్రం రెండోసారి నీళ్ళపాలయ్యాడు.

అమ్మ బురద చేత్తో నా చెయ్యి పట్టుకుంది. "ఏం రాసేవాడే వాడు?"

"వాడికి రాయాలంటే బద్ధకం కదమ్మా. రాక్షసుణ్ణి చంపినా, ఏడు సముద్రాలు దాటినా ఒకటే రాసేవాడు. 'తర్వాత ఇంటికి వెళ్ళాడు. వాళ్ళమ్మ చేపల పులుసు వేసి అన్నం పెట్టింది.' అంతే."

"అన్ని కథలకీ అదేనా?"

"అన్నిటికీ అదే."

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కాసేపటికి తీసి, నా మొహంలోకి చూసింది.

"ఆ పొద్దున పులుసు ఇంకా ఉడకలేదే. పడవ వెళ్ళిపోతుందని వాడు తినకుండానే వెళ్ళాడు," అంది.