మునిరత్నమ్మ ముక్కుపొడి లైసెన్సు

చిత్తూరు జిల్లాలోని ఒక చిన్న పురపాలక పట్టణంలో, నగరికి పోయే బస్సులు ఆగే వీధిలో, మునిరత్నమ్మ అనే వితంతువు ముప్పై ఏళ్ళుగా ముక్కుపొడి దంచి అమ్ముతూ ఉండేది. వేయించిన పొగాకు, సున్నం, నెయ్యి రోట్లో వేసి ఆమె రోకలి ఎత్తితే వీధి చివర కట్టేసిన ఎద్దు సైతం తుమ్మేది. ఆమె మాత్రం తుమ్మేది కాదు. కొత్త కోడలిగా అత్తింటి గడప తొక్కిన నాడు తుమ్మింది. అపశకునమని అత్త ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి, నీళ్ళు తాగించి, మళ్ళీ రమ్మన్నది. మళ్ళీ తుమ్మింది. కోడలు ఇంట్లోకి చేరేసరికి బిందెడు నీళ్ళు ఖాళీ అయినవి. జన్మకు సరిపడా తుమ్ములు ఆనాడే అయిపోయినవని వీధివారి అభిప్రాయం.

పొగాకు దంచుట ప్రమాదకర, అసహ్యకర వృత్తులలో చేర్చబడినందున ఏటా పురపాలక సంఘం వారి లైసెన్సు పొందవలసి ఉండేది. ఆ జాబితాలో పచ్చితోళ్ళకూ బాణసంచాకూ నడుమ తన రోలు ఉన్నదని ఆఫీసు గుమాస్తా చదివి వినిపించగా, ఆమె తాపీగా, "మా అత్తను యాడ సేర్సినారో సూడప్పా" అన్నది.

1978లో ఆమె లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకొన్న పిమ్మట, పక్కింటి చెంగల్రాయుడు దానిపై అర్జీ పెట్టాడు. పెళ్ళి సంబంధాలు కుదుర్చుట ఆయన వృత్తి. తన అరుగు మీద తాంబూలాలు మార్చుకొనే వేళకు ఎవరో ఒకరు తుమ్ముచున్నారనీ, తుమ్మి తలపెట్టిన ఏ కార్యమూ నిలువదు గనుక ఏడు సంబంధాలు చెడినవనీ, కావున సదరు రోలును తొలగింపవలెననీ అందులోని సారాంశం. ఆ ఏడుగురు వరులలో ఒకడికి అప్పటికే తిరుత్తణిలో భార్య ఉన్న సంగతి మాత్రం అర్జీలో లేదు.

విచారణకు శానిటరీ ఇన్‌స్పెక్టరు సుందరరాజు వచ్చాడు. ఆయన మేనకోడలికి సంబంధం కుదిర్చినవాడు చెంగల్రాయుడే. కనుక కాగితం మీద ఏమి పడబోతున్నదో మునిరత్నమ్మకు తెలుసు. రోలు పోతే ఆమెకు వేరే కూడు లేదు. వీధి మారి ప్రయోజనమూ లేదు, ఏ వీధిలోనైనా పక్కిల్లు ఉండనే ఉంటుంది. పని ఎట్లా జరుగుతుందో చూపమని ఇన్‌స్పెక్టరు ఆదేశించాడు. ఆమె ఎన్నడూ లేనంత శ్రద్ధగా దంచసాగింది.

ఆయన చెంగల్రాయుడి అరుగు మీద కూర్చుని, లైసెన్సు ఇవ్వదగదని వ్రాయుటకు కలం మూత తీసి, తుమ్మాడు. రెండవది వస్తే శుభమని ముక్కు పైకెత్తి నిరీక్షించాడు. రాలేదు. నీళ్ళు తాగి, తూర్పుకు తిరిగి, మళ్ళీ కలం ఆనించాడు. మళ్ళీ ఒక్కటే వచ్చింది. మధ్యాహ్నానికి చెంగల్రాయుడి ఇంట నీళ్ళకుండ అడుగంటింది.

ఓపిక నశించిన చెంగల్రాయుడు, "తుమ్ముదేముండాది సారూ, రాసేయండి" అన్నాడు.

రోకలి ఆగింది. మునిరత్నమ్మ చేతులు దులుపుకొంటూ గడపలోకి వచ్చింది.

"అదేందన్నా? తుమ్మినాక సేసే పని నిలవదని అర్జీలో రాసింది నువ్వే కదా. ఇప్పుడు సారు రాస్తే నిలుస్తాదా?"

"అది పెండ్లిండ్ల సంగతి, మునిరత్నమ్మా."

"ఆఫీసు పనికి వేరే ముక్కు ఉండాదా?"

ఇన్‌స్పెక్టరు అర్జీని మరల చదివాడు. అది నిజమైతే తాను వ్రాయరాదు. అబద్ధమైతే వ్రాయుటకు కారణమే లేదు. ఆయన లేచి, రెండు వీధుల అవతల టీ అంగడిలో కూర్చుని, అర్జీదారు చెప్పిన సంగతులు స్వానుభవం చేత యథార్థములని తేలినందున తుది ఉత్తర్వు తగిన ఘడియకు వాయిదా వేయడమైనదని వ్రాశాడు.

తగిన ఘడియ రాలేదు. దరఖాస్తు పెట్టిన అరవై దినములలో కాదన్న ఉత్తర్వు అందనిచో లైసెన్సు ఇచ్చినట్లేనని ఆ ఆఫీసు నిబంధన. అరవై ఒకటవ దినమున గుమాస్తా కాగితం తెచ్చి మునిరత్నమ్మ చేతిలో పెట్టాడు.

దానిని అత్త పటం పక్కన తగిలించుదామని ఆమె గడపలో కాలు పెట్టి, తుమ్మింది. ముప్పై ఏళ్ళకు తుమ్మింది. వెనక్కు వచ్చి అరుగు మీద కూర్చున్నది.

"అన్నా, సెంబుడు నీళ్ళు ఇయ్యి."

పక్క అరుగు మీది చెంగల్రాయుడు లేచి, తెచ్చి ఇచ్చాడు. రెండవది వస్తుందేమోనని ఇద్దరూ కాసేపు చూశారు.