రాగిణి డైట్

హెర్న్‌డన్ ఊరు దాటి ఎంతో దూరం రాకుండానే రాగిణి మోకాళ్లు మొరాయించాయి. పాత రైలు పట్టాలు పీకేసి వేసిన సైకిల్ బాట అది. చూడ్డానికి చదునుగానే ఉంటుంది, ఎత్తు ఎక్కుతున్నామన్న సంగతి తొక్కేవాళ్లకే తెలుస్తుంది. క్యాన్సర్ పరిశోధనకు విరాళాలు పోగుచేసే సైకిల్ యాత్ర ఇది. ఆష్‌బర్న్ ఊళ్లోని తెలుగు ఆడవాళ్లు గులాబీ రంగు టీషర్టులు వేసుకుని జట్టుగా వచ్చారు. జట్టంతా ఎప్పుడో ముందుకు వెళ్లిపోయింది. వెనక మిగిలింది రాగిణి, ఆమెను వదలని రేణు.

రేణుది వరంగల్. పిల్లల్ని డాన్స్ క్లాసుకి దింపి, కార్లలో కూర్చుని ఎదురుచూసే రోజుల్లో కుదిరిన స్నేహం వాళ్లది.

"ఏందే, అంత సన్నగైనవు, ఇంత మెల్లగ తొక్కుతున్నవ్? నిన్ను నేనే మోసుకపోయేటట్టున్న."

"నువ్వు వెళ్లవే. నేను నిదానంగా వస్తాగా."

"పోను. గురువును ఇడిసిపెట్టి శిష్యురాలు పోతదా?"

గురువు అన్న మాట వినగానే రాగిణికి ఉన్న కాస్త ఓపికా జారిపోయింది.

రెండేళ్ల కిందట ఆమెకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆ సంగతి భర్త భాస్కర్‌కీ, కూతురు అవనికీ, అప్పుడు వీళ్ల దగ్గరే ఉన్న అత్తగారు బాలమణికీ తప్ప మరో కంటికి తెలియనివ్వలేదు. "పదిమంది నోళ్లలో పడితే రేపు పిల్లకి సంబంధాలొస్తాయా?" అంది బాలమణి. రాగిణి ఆ మాటకు భయపడి దాచలేదు. చారుగిన్నెలు పట్టుకుని ఒకరి తర్వాత ఒకరు వచ్చి, సోఫాలో కూర్చుని, తన మొహంలోకి చూసి నిట్టూర్చేవాళ్లని తలుచుకుంటేనే ఆమెకు ఒళ్లు బరువెక్కింది. అందుకే ఇండియా వెళ్తున్నానని అందరికీ చెప్పి, ఊరికి దూరంగా ఉన్న ఆసుపత్రిలో కీమో చేయించుకుంది. ఇండియన్ షాపు వైపు కూడా పోలేదు. పచ్చిమిరపకాయలు సైతం ఆన్‌లైన్‌లో తెప్పించుకుంది.

అంతా అయ్యాక, చిక్కి సగమై, అప్పుడప్పుడే మొలుస్తున్న జుట్టుతో మళ్లీ నలుగురిలోకి వచ్చింది. జుట్టేదీ అంటే తిరుపతిలో ఇచ్చానంది. ఒళ్లేదీ అంటే కొర్ర అంబలి తాగానంది. అబద్ధం అక్కడితో ఆగితే బాగుండేది. తిరుపతి వెళ్లొచ్చి లడ్డూ పెట్టలేదేమని అడిగారు. స్వీట్ షాపులో లడ్డూలు కొని, చిదిపి, చిన్న చిన్న కవర్లలో కట్టి పంచింది. ఆ రాత్రి దేవుడి గదిలోకి వెళ్లడానికి ఆమెకు మొహం చెల్లలేదు. ఇక అంబలి సంగతి చెప్పనక్కర్లేదు. 'రాగిణి డైట్' అని వాట్సాప్ గ్రూపే పెట్టారు. అందులో అందరికంటే నిష్ఠగా తాగింది రేణు.

కిటికీల్లేని డేటా సెంటర్ గోడ పక్కన కాస్త నీడ దొరికింది. రేణు సైకిల్ పక్కకు తెచ్చి ఊసుపోక చెప్పుకుపోతోంది.

"మా డాక్టరమ్మ ఒకటే నస. మా పెద్దమ్మకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది కద, నన్ను మామోగ్రామ్ టెస్ట్ చేయించుకొమ్మంటది. అపాయింట్‌మెంట్ ఇచ్చింది గూడ. నేను క్యాన్సిల్ చేసిన. ఏడాది సంది నీ అంబలి తాగుతున్న, మనకెందుకొస్తదే అసొంటిది?"

రాగిణి బ్రేకు వేసింది. వేసిందనుకుంది గానీ, నిజానికి కాళ్లే ఆగిపోయాయి. సైకిల్‌ని గడ్డి మీద పడేసి దాని పక్కనే కూలబడింది. ఇంకో అబద్ధం అల్లాలంటే ఓపిక కావాలి. అది ఎక్కడ వెతికినా లేదు.

"నేను తిరుపతి వెళ్లలేదు రేణూ."

"అంటే?"

"ఇండియాకే వెళ్లలేదు."

రేణు సైకిల్ దిగి హెల్మెట్ తీసింది. "మరి లడ్డూ?"

"హెర్న్‌డన్‌లో కొన్నా."

"అయ్యో నీ ముఖం మండ! కండ్లకద్దుకోని దేవుని ముంగట పెట్టిన కదనే! మరి గుండు?"

"కీమో."

"ఆన్ యువర్ లెఫ్ట్!" అని, ఎడమ పక్కగా దాటిపోతున్నానని అరుస్తూ ఎవరో సైకిల్ మీద రయ్యిమని దూసుకుపోయారు. రేణు వాళ్లకు దారి ఇవ్వడం కూడా మరిచిపోయి నిలబడింది. ఏడుస్తుందేమోనని రాగిణి భయపడింది. ఏడవలేదు, విరుచుకుపడింది.

"ఏడాదే! గొంతు దిగకపోయినా ముక్కు మూసుకోని తాగిన ఆ నీళ్లు. మా ఆయనతోని గూడ తాగించిన. నేను నీకు ఎవర్నే అసలు?"

"నువ్వు టెస్ట్ చేయించుకో. అంబలి నాకేం చేయలేదు. నీకూ ఏం చేయదు," అంది రాగిణి, గడ్డి వంక చూస్తూ.

వెనకబడినవాళ్లను ఎక్కించుకునే వ్యాన్ పక్క రోడ్డు మీదకు వచ్చింది. డ్రైవర్ దిగేలోపలే రేణు రాగిణి సైకిల్ ఎత్తి వెనక పెట్టింది. తనది కూడా ఎక్కించింది. ఆమె కాళ్లకేం నొప్పి లేదు, కావాలంటే చివరిదాకా తొక్కగలదు. కానీ వెనక సీట్లో రాగిణి పక్కన కూర్చోకుండా, డ్రైవర్ పక్కన తలుపు వైపు తిరిగి కూర్చుంది.

దారి పొడుగునా సైకిళ్లు వెనక్కి పోతున్నాయి. రాగిణి తల అద్దానికి ఆనించింది. చెప్పేశాక గుండె తేలికవుతుందంటారు. ఆమెకు అలాంటిదేమీ తెలియలేదు. నిద్ర వస్తోంది, అంతే.

చాలాసేపటికి ముందు సీట్లోంచి రేణు గొంతు వినిపించింది. "నొప్పి పెడతదా?"

"ఏది?"

"అదే, ఆ మామోగ్రామ్."

"గట్టిగా నొక్కుతారు. కాసేపే."

"నిన్ను ఎవరు తోలుకపోయిన్రు?"

"ఒక్కదాన్నే వెళ్లా."

రేణు ఇప్పటికీ వెనక్కి తిరగలేదు. "నేను ఒక్కదాన్ని పోను. చేసిందంతా నువ్వు, నువ్వే తోలుకపోవాలె."

"బుక్ చెయ్యి. వస్తా," అంది రాగిణి.

ముందు సీట్లో రేణు ఫోన్ తీసి, కళ్లజోడు నుదుటి మీంచి కిందకు దించుకుంది.