బోర్డు మీద కారుకూతలు

ఎండాకాలం, గురువారం, సాయంత్రం ఐదు గంటలు. హఫీజ్‌పేట స్టేషన్ల బండి కూత పెట్టి పోయింది. నేను తడిగుడ్డ పట్టుకొని బడి అరుగు ఎక్కిన.

డెబ్బైలల్ల మాట. నేను, నా తోడికోడలు పెద్దోళ్ల బడిల అక్షరాలు దిద్దుతున్నం. పంతులు అరుగు గోడకు నల్లరంగు పూసి బోర్డు చేసి, "ఊరి కష్టసుఖాలు ఎవరన్న రాయొచ్చు, కింద ఎవరన్న జవాబియ్యొచ్చు" అన్నడు. చదువొచ్చినోళ్లు తక్కువ. అందుకని చాయ్ హోటలాయన రోజూ నిలబడి, ఉన్నదంతా గట్టిగ చదివేటోడు. రాసిందాన్ని సగం ఇడిచిపెడితే పాపమని ఆయన నమ్మకం.

నా తోడికోడలు మొట్టమొదట రాసింది: "బడి పక్క బోరింగు కాడ బురద. బండలు పరవాలె." దాని కింద పట్వారి కొడుకు రాసిండు: "ముందు మొగనికి బువ్వ వండు." మర్నాడు ఇంకా పాడుమాట. హోటలాయన చదివిండు, జనం నవ్విండ్రు. ఆమె మొగడు, మా మరిదికి తల కొట్టేసినట్టయింది. "ఇంకొక్కసారి నవ్వులపాలైతే నీ బడి బంద్" అన్నడు పెండ్లాంతోని.

పంతులేమో ఓపిక పట్టి మంచిమాటతో జవాబు రాయమన్నడు. రాసినం. ఒక్కదానికి నాలుగు రాసిండు వాడు. ఇప్పుడు మా కాలనీ గ్రూపుల గూడ ఫోన్లల్ల గట్లనే కూస్తున్నరు, ఓపిక పట్టాలని చెప్పేటోళ్లూ ఉన్నరు. నాకు ఒళ్లు మండుతది. తిట్లు పడేటోళ్లే ఓపిక గూడ పట్టాల్నా?

ఆ గురువారం తడిగుడ్డతోని వాని రాత తుడిచిన.

"నా రాత తుడుస్తవా? బోర్డు అందరిది!" అని ఉరికొచ్చిండు.

"బోరింగు గూడ అందరిదే. దాంట్ల ఉమ్ముతే ఊకుంటమా?"

పంతులు చేతిల సుద్దముక్క గుంజుకొని మళ్ల అదే బూతు రాసిండు. హోటలాయన చదవనీకి గొంతు సవరించుకున్నడు.

"అన్నా, ఆగు. వానికి నోరు నువ్వే అయితున్నవ్. రాసినోన్నే చదవనీ." వాని దిక్కు తిరిగిన. "చదువు బిడ్డా. మీ అమ్మ బిందె పట్టుకొని గీడ్నే ఉన్నది, ఇంటది."

వాడు సుద్దముక్క ఎనుక దాచుకున్నడు.

"ఏం రాసినవ్‌రా?" అన్నది వాళ్లమ్మ. బిందె కింద పెట్టి, నా చేతిల గుడ్డ తీసి వాని మొఖాన కొట్టింది. "తుడువు."

తుడిచిండు. గుంపుల ఉన్న మా మరిది, పెండ్లాం దిక్కు చూసి, "బండలు ఏడికెల్లి తెస్తరో గది గూడ రాయి" అన్నడు. ఆనాటి సంది రాసినోడే నిలబడి చదవాలని కట్టుబాటు పెట్టినం.

ఆ దినం అక్కడున్నది పంతులు, హోటలాయన, నా తోడికోడలు, మా మరిది, పట్వారి కొడుకు, వాళ్లమ్మ, నీళ్లకొచ్చిన ఆడోళ్లు, నేను. రోజూ నవ్వినోళ్లు గూడ ఉండిరి. తర్వాత అడిగితే మేం లేమన్నరు. ఉండిరి.