ముందు మీరు కాల్చండి బావగారూ!

చేతికందిన కప్పుని అరిటాకులో పెట్టి, నెయ్యి వేసి, కొసరి కొసరి అవతలివాడికి వడ్డించిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఆ లోటు ఇవాళ తీరిపోతుంది. ఆ మనిషిని నేనే. ఆ వడ్డన జరిగింది అమలాపురంలో ఒక ఫంక్షన్ హాల్లో, మా ఇంటిల్లిపాదీ ముందు వరసలో కూర్చుని చూస్తుండగా.

అప్పటికి నా డిగ్రీ కొత్తగా పూర్తయింది. ఉద్యోగం లేదు గానీ అభిప్రాయాలు దండిగా ఉండేవి. వీడియో గేముల మీద, సినిమాల మీద నా అభిప్రాయాలన్నీ చెప్పడానికి ఒక యూట్యూబ్ ఛానెల్ కూడా పెట్టాను. చూసేవాళ్ళు మా అక్క, నా స్నేహితుడు సతీషు, ఎవరో ముక్కూ మొహం తెలియని దయగల మనిషి. అయినా లోకమంతా వింటున్నట్టే గొంతు సవరించుకుని మాట్లాడేవాణ్ణి.

తలుపుకి తాళం, ఆ తాళం కోసం పెట్టె, ఆ పెట్టెకి ఇంకో తాళం వెతికించే ఆటలంటే నాకు గిట్టవు. ఆ సుఖం కావలసినవాడు ఏదైనా ఆఫీసుకి ఆదాయ సర్టిఫికెట్ కోసం వెళ్ళొచ్చు కదా, డబ్బు పెట్టి ఆట కొనడం దేనికి? కార్ల పందెం ఆటల్లో ఒక్క స్పీడ్ బ్రేకరూ, ఒక్క గేదే లేకపోతే అది రోడ్డని నేనొప్పుకోను. ఇక సినిమాల్లోనైనా, ఆటల్లోనైనా నాకు అన్నిటికంటే ఒళ్ళు మండేది విలన్ల కబుర్లు. హీరో ఎదురుగా దొరికాక తుపాకీ పట్టుకుని ఉపన్యాసం మొదలుపెడతారు చూడండి, అది. దాని మీద ప్రత్యేకంగా ఒక వీడియో చేశాను. "శత్రువు దొరికాక మాట్లాడేవాడు ఓడిపోవడానికే పుట్టాడు. కాల్చదలుచుకుంటే కాల్చాలి!" అని బల్ల గుద్ది మరీ చెప్పాను. ఈ వీడియో సంగతి గుర్తుంచుకోండి, దీంతో పని పడుతుంది.

మా నాన్న లెక్కల మాస్టారు. నేను బి.ఇడి. చదివి ఆయనలాగే బడికి వెళ్ళాలని ఆయన కోరిక. ఆటల పోటీల్లోనే పైకి రావాలని నా పట్టుదల. రోజూ అన్నం దగ్గర ఇదే రభస. చివరికి ఒకరోజు ఆయనే ఒక మెట్టు దిగారు.

"అమలాపురంలో ఏదో పోటీ పెడుతున్నారంట కదా. కప్పు పట్రా. ఏడాది పాటు నిన్ను పల్లెత్తు మాట అనను. తేలేకపోయావనుకో, రామచంద్రపురంలో బి.ఇడి. కోచింగు, ఆ కంప్యూటరు నా ఇష్టం వచ్చినవాళ్ళకి ఇచ్చేస్తాను. సరేనా?"

"సరే నాన్నా!" అన్నాను మీసం మీద చెయ్యేసి. మీసం అప్పటికింకా సరిగ్గా రాలేదనుకోండి.

ఆ కంప్యూటర్ని నేను ఒక్కొక్క భాగం కూడబెట్టి కట్టుకున్నాను. దాన్ని పోగొట్టుకోవడమంటే నాకు కళ్ళు తీసి ఇచ్చెయ్యడమే. గెలిచి తీరాలి, అంతే.

పోటీ తుపాకుల ఆట. జట్టుకి ఇద్దరు. అవతలి జట్టులో ఇద్దర్నీ పడగొడితే గెలుపు మనది. నా జోడీ అల్లవరం సతీషు. నేను "ఎడమ!" అని నోరు తెరిచేలోపే ఎడమకి తిరిగేవాడు. కానీ పోటీ రెండు రోజుల్లో ఉందనగా వాడి దగ్గర్నుంచి ఫోను.

"ఒరేయ్ అనిలూ, చెరువులో రొయ్యలు పైకి తేలిపోతున్నాయిరా. నాన్న ఒక్కడే ఉన్నాడు. నేను రాలేన్రా."

రొయ్యల ముందు తుపాకీ ఏపాటి? తల పట్టుకుని కూర్చున్నాను. సరిగ్గా అప్పుడే, సెలవు పెట్టి అక్కతో మా ఇంటికొచ్చి ఉన్న మా బావగారు గది గుమ్మంలో నిలబడి మొహమాటంగా దగ్గారు.

ఈయన పేరు ప్రభాకర్. మా అక్క భర్త. రామచంద్రపురంలో బ్యాంకు ఉద్యోగం. పెళ్ళయి ఇంకా ఏడాది తిరగలేదు కాబట్టి మా ఇంట్లో ఆయనది కొత్త అల్లుడి హోదా. ఆయన కుర్చీలో కూర్చుంటే ఫ్యాను అటు తిరిగేది. ఆయన దగ్గితే అమ్మ మిరియాల పాలు కాచేది.

"ఏమనుకోకపోతే ఒక మాటండీ అనిల్ గారూ. కాలేజీ రోజుల్లో ఈ ఆట నేనూ కాస్త ఆడేవాణ్ణండి. మీకు అభ్యంతరం లేకపోతే..."

అనుమానంగానే ఆయనకి మౌసు అందించాను. కాస్త ఆడేవాణ్ణి అన్నారా! నిమిషం తిరక్కుండా తెర మీద ఉన్నవాళ్ళందర్నీ పడగొట్టి, "ఏదో మీ దయండి" అన్నారు. నాకు కళ్ళ నీళ్ళొక్కటే తక్కువ.

కష్టం సాధనలో మొదలైంది. శత్రువు కుడివైపు నుంచి వస్తున్నాడు. "జరుగు! జరుగు!" అని అరిచాను. అంతే, పూతరేకుల పళ్ళెంతో గదిలోకి వస్తున్న అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎవర్ని రా జరగమంటున్నావ్? అల్లుడుగార్నా?"

"ఆటమ్మా..."

"ఆటైతే? చుట్టరికం ఎటు పోద్ది? ఇంకోసారి ఆయన్ని ఏకవచనంలో పిలిచేవంటే తాట తీసేస్తాను."

ఆ తర్వాత ఆట ఇలా సాగింది. "బావగారూ, తమరేమీ అనుకోకపోతే కాస్త ఎడమ పక్కకి..." అనేసరికి బావగారు చచ్చిపడి ఉండేవారు. దెబ్బ తిన్నప్పుడు వాడుకోవడానికి మందుల పెట్టె దొరికితే, "మీరు తీసుకోండి" అని నేను, "అబ్బే, మీకే ఎక్కువ తగిలిందండీ" అని ఆయన. ఆ పెట్టె చుట్టూ తిరుగుతూ ఇద్దరం పోయేవాళ్ళం.

ఇలా కాదని పట్టు పట్టాను. అమ్మ చర్చికి వెళ్ళిన సమయం చూసి బావగారి దగ్గర విషయం కదిపాను.

"బావగారూ, ఆటలో గారూ లేదు, అండీ లేదు. ఒకర్నొకరు ఏరా అనుకోవాలి. లేదంటే నా కంప్యూటర్ దక్కదు."

ఆయన గుమ్మం వైపొకసారి చూసుకున్నారు. "ఆయ్. మీ భవిష్యత్తు ముఖ్యం కదండీ. కానివ్వండి" అన్నారు.

నేను పెరట్లోకి వెళ్ళి కొబ్బరి చెట్టుని బావగారనుకుని "ఏరా! ఏరా!" అని గొంతు పోయేదాకా సాధన చేశాను. పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసి, ఏమీ అడక్కుండానే వెళ్ళిపోయింది. బావగారూ నిజాయితీగానే ప్రయత్నించారు, పాపం. కానీ ఆయన నోట అది "ఏరా అండీ" అనే వచ్చేది. "ఏరా అండీ, మీ వెనకాల మనిషున్నాడు చూడండి!" ఇంతకంటే కిందికి ఆయన దిగలేకపోయారు. సరే, ఇదీ నయమే అనుకున్నాను.

పోటీ రోజు వచ్చింది. హాలు కిక్కిరిసిపోయింది. పెద్ద తెర మీద ఆట కనబడుతుంది. ప్రేక్షకులకి మజా రావాలని ఆటగాళ్ళు మైకుల్లో మాట్లాడుకునేది కూడా స్పీకర్లలో పెట్టారు నిర్వాహకులు. వేదికకి ఒక చివర మేము, రెండో చివర అవతలి జట్టు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాక ఒక జట్టు మాట రెండో జట్టుకి వినబడదు.

"ఏరా, పైకెక్కు!" "ఏరా అండీ, ఎక్కేనండి!" అనుకుంటూ మొదటి ఆటలన్నీ గెలిచేశాం. హాలంతా ఈలలు. ఫైనల్స్‌కి వచ్చాం. కప్పు బల్ల మీద మెరుస్తోంది. నాన్నకి ఫోను చేసి, "వచ్చి కళ్ళారా చూడండి" అని గొప్పగా పిలిచాను.

నేను చేసిన ఘనకార్యం ఇదే. నాన్నొక్కరే వస్తారనుకున్నాను. నాన్న, అమ్మ, అక్క వచ్చారు. వాళ్ళ వెనకాలే మల్లెపువ్వులాంటి చొక్కా వేసుకుని, రామచంద్రపురం నుంచి బస్సు దిగి బావగారి నాన్నగారు వచ్చారు. రిటైరైన హెడ్మాస్టరు. కొడుకు ఏదో పోటీలో ఉన్నాడని విని బావగారి అమ్మగారితో సహా బయల్దేరారట. అందర్నీ మర్యాదగా ముందు వరసలో కూర్చోబెట్టారు.

బావగారు వాళ్ళ నాన్నని చూసి నీళ్ళు నమిలారు. నేను మా అమ్మని చూశాను. అమ్మ కొంగు బిగించి నన్నే చూస్తోంది.

అవతల రాజోలు అన్నదమ్ములు. వాళ్ళకి మర్యాదల బెడద లేదు, తిట్టుకుంటూనే బ్రహ్మాండంగా ఆడుతున్నారు. ఇవతల మా ఇద్దరికీ నోరు పెగలడం లేదు. అయినా పట్టుదల చెడ్డది కదా, మాటల్లేకుండానే అన్నని పడగొట్టాం. తమ్ముడొక్కడే మిగిలాడు. ఇద్దరం కలిసి వాణ్ణి తరుముకుంటూ ఒక నీళ్ళ ట్యాంకు వెనక్కి వెళ్ళాం. వాడు మాకు వీపు పెట్టి కూర్చుని తుపాకీలో గుళ్ళు నింపుకుంటున్నాడు. మేమొచ్చినట్టు వాడికి తెలియదు.

ఒక్క గుండు. ఆ ఒక్క గుండుతో కప్పు నాది, కంప్యూటర్ నాది, ఏడాది నాది. వేలు మీట మీదికి వెళ్ళింది. సరిగ్గా అప్పుడు నాకు తోచింది, కొత్త అల్లుడుగారిని పక్కన నిలబెట్టుకుని, వియ్యంకులు చూస్తుండగా, ఆఖరి గుండు నేనెలా కాలుస్తాను?

"బావగారూ, మీరు కాల్చండి."

"అబ్బే, కెప్టెన్ మీరండి. మీరు కానివ్వండి."

"ఎంత మాట! మీరుండగా నేనా? బాగోదండీ."

"లేదండీ, మీ ఊరి పోటీ. మీ చేత్తో జరిగితేనే అందమండి."

"ఒక్కటే కదండీ బావగారూ, కాదనకండి."

"నాకు చాలండి. ఇందాకటి ఆటలో నేనే ఎక్కువ కాల్చేను."

హాల్లో నవ్వులు మొదలయ్యాయి. వెనక నుంచి ఒక పెద్దాయన లేచి నిలబడి, "ఎవరో ఒకరు కాల్చండి బాబూ, మాకు రాజోలు బస్సు పోద్ది!" అని అరిచాడు. ఆ దెబ్బకి హాలు దద్దరిల్లిపోయింది. ఈ గోల హెడ్‌ఫోన్లు దాటి రాజోలు తమ్ముడి చెవిన పడింది. వాడు ఒక చెవి మీంచి హెడ్‌ఫోను పక్కకి తీసి, స్పీకర్లో మా సంభాషణ కాసేపు శ్రద్ధగా విన్నాడు. తర్వాత నింపాదిగా మావైపు తిరిగాడు.

"ఏమీ అనుకోకండేం" అన్నాడు మైకులో. ఇద్దర్నీ కాల్చేశాడు.

వాడూ కోనసీమ వాడే కదా మరి.

కప్పు రాజోలు బస్సెక్కింది. ముందు వరసలో బావగారి నాన్నగారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మా నాన్న చెయ్యి పట్టుకుని, "పెంపకం అంటే ఇదండీ బావగారూ! ప్రాణం మీదికొచ్చినా పిల్లలు మర్యాద వదల్లేదు, చూసేరా!" అన్నారు. అమ్మ కళ్ళు తుడుచుకుంది. ఇంటికి వెళ్ళే దారంతా అక్క ఫోన్లో నా పాత వీడియో మోగుతూనే ఉంది. "శత్రువు దొరికాక మాట్లాడేవాడు ఓడిపోవడానికే పుట్టాడు!" దాని కింద ఆ ముక్కూ మొహం తెలియని దయగల మనిషి అప్పటికే రాసేశాడు, "హాల్లో నేనూ ఉన్నానండి" అని.

ఆ సాయంత్రం నాన్న మాట నిలబెట్టుకున్నారు. నా కంప్యూటర్‌ని చేత్తో తట్టి, "అల్లుడుగారూ, ఇది మీరు తీసుకెళ్ళండి" అన్నారు.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఒక్క గుండు దగ్గరే అంత బతిమాలించుకున్న మనిషి! కంప్యూటర్ దగ్గర ఎన్నిసార్లు వద్దంటారో, ఈలోపు నాన్న మనసు మారదా? బావగారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. నా వైపు చూడలేదు.

"ఆయ్. మీరంతగా చెప్తుంటే కాదనలేనండి" అన్నారు. నాన్న చెప్పింది ఒక్కసారే.

నేను రామచంద్రపురంలో అక్కా వాళ్ళింట్లో ఉండి బి.ఇడి. కోచింగ్‌కి వెళ్ళాను. పక్క గదిలో నా కంప్యూటర్ మీద బావగారు ఆడుకుంటుంటే, గోడకివతల నేను పిల్లల మనస్తత్వ శాస్త్రం చదువుకున్నాను. ఇప్పుడు బడిలో పాఠాలు చెబుతున్నాను. అభిప్రాయాలు ఇంకా ఉన్నాయి, వినడానికి ఒక తరగతి నిండా పిల్లలున్నారు. కానీ ఆ నీళ్ళ ట్యాంకు ఇప్పటికీ కల్లోకొస్తుంది.

అందుకే మొన్న ఆదివారం అక్క ఎదుట, బైబిలు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేద్దామని కూర్చున్నాం నేనూ బావగారూ. ఇకపై గెలుపు మాకు వీపు పెట్టి కూర్చుంటే, పక్కన ఎవరున్నా, ముందు వరసలో ఎవరున్నా, మర్యాద ఇంటి దగ్గర వదిలి ముందు కాల్చేస్తాం, మాటలు తర్వాత మాట్లాడుకుంటాం. ఇదీ ప్రమాణం. ఎంత గట్టిగా అనుకున్నానో దేవుడికి తెలుసు. గొంతు సవరించుకుని చెయ్యి చాచాను.

బావగారి చెయ్యి కూడా అప్పుడే ముందుకొచ్చింది. ఇద్దరం ఆగిపోయాం.

"మీరు పెద్దవారు, ముందు మీరు చెయ్యండి బావగారూ."

"అబ్బే, కెప్టెన్ మీరండి. మీరు కానివ్వండి."